అల్లకల్లోలం చేసినవాళ్ళు

మూడో పీరియడ్ మధ్యలో అనూరాధ టీచర్‌ని హెడ్మాస్టరు గారు పిలిపించారు. ఆవిడ వెళ్తూ వెళ్తూ చాక్‌పీసు రోజారమణి చేతిలో పెట్టారు.

"లీడర్, క్లాసు చూసుకో."

ఈ మాట కోసమే రోజారమణి రోజూ జడలు గట్టిగా వేయించుకుని బడికొస్తుందని ఆరో తరగతి మొత్తానికి ఒక నమ్మకం. ఆ నమ్మకంలో పెద్ద తప్పేమీ లేదు.

బోర్డుకి కుడి పక్కన రోజూ ఆమె 'అల్లరి చేసినవాళ్ళు' అని రాసి కింద గీత గీస్తుంది. మాట్లాడినవాళ్ళ పేరు ఆ గీత కిందకి వస్తుంది. మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఒక నిలువు గీత. ఇంకా మాట్లాడితే ఇంకో గీత. బతిమాలుకోవడానికి కొంచెం టైము ఇస్తుంది. చాలామంది బతిమాలతారు. రోజాకి అదీ బాగానే ఉంటుంది.

ఇవాళ మాత్రం ఆ హెడ్డింగు చప్పగా అనిపించింది. ఎందుకంటే కాసేపటి క్రితమే టీచర్ ఒక కొత్త మాట నేర్పారు. అల్లకల్లోలం.

"కల్లోలం అంటే పెద్ద అల," అన్నారు టీచర్. "సముద్రం ఉన్నట్టుండి కిందామీదా అయిపోయి, ఏ అల ఎటు పోతోందో తెలియకపోతే అది అల్లకల్లోలం. తర్వాత్తర్వాత ఊళ్ళకీ, ఇళ్ళకీ, మనుషులకీ కూడా ఆ మాట వాడుకుంటున్నాం. రేపు ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక వాక్యం చెప్పాలి. గైడులో చూసి కాదు."

రేపటిదాకా ఆగడం వీరేంద్ర వల్ల కాలేదు.

"టీచర్, మా పిన్ని పెళ్ళిలో ఐస్‌క్రీం అయిపోతే అల్లకల్లోలం అయిపోయింది."

"మా మేక కిరాణా కొట్లో దూరింది టీచర్," అన్నాడు కోటి. "అల్లకల్లోలం."

"మేకకేం కాలేదు కదా?"

"మేక బాగుంది టీచర్. కొట్టాయనే బాగోలేదు."

అలాంటి మాటని ఒక్కరోజైనా వాడకుండా ఉంచడం రోజాకి నచ్చలేదు. బోర్డు మీద గుండ్రంగా రాసింది: అల్లకల్లోలం చేసినవాళ్ళు. ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో రెండడుగులు వెనక్కి జరిగి చూసుకుంది.

అప్పుడే కింద హార్బరులో ఒక బోటు హారన్ మోగింది.

వాళ్ళ క్లాసు రెండో అంతస్తులో ఉంటుంది. సముద్రం వైపు కిటికీ. చేపల బోట్లు లోపలికి వచ్చే దారి అక్కడినుంచి చక్కగా కనిపిస్తుంది. కిటికీ పక్క సీటు చంటిది.

హారన్ వినగానే చంటి లేచాడు. బెంచీ ఎక్కాడు. రెండు చేతులతో ఊచలు పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడ్డాడు.

"చంటీ! కూర్చో!"

చంటికి వినపడలేదు. వెనకవాళ్ళకి మాత్రం కిటికీలో ఏదో ఉందని అర్థమైంది.

"ఏటి? ఏటి కనబడతంది?" అంటూ వీరేంద్ర పరిగెత్తాడు. కోటి పరిగెత్తాడు. ఎందుకో తెలియకుండానే ఇంకో నలుగురు పరిగెత్తారు. వెనక బెంచీ ఒకటి ఒరిగి పడిపోయింది. చందు వాటర్ బాటిలు చందు మీదే ఒలికింది. చందు కెవ్వుమన్నాడు.

చంటి ఒక్కసారి బయటికి చూసి, తనంతట తనే దిగి, తన చోట కూర్చున్నాడు.

"నీ పేరు రాస్తాను," అంది రోజా.

"రాసుకో," అన్నాడు చంటి.

రోజాకి చిరాకేసింది. ఈ ఒక్కసారికి వదిలెయ్యి అనాలి కదా. కనీసం, నాను కాదు వీరేంద్ర అనాలి కదా. ఆమె చంటి పేరు అందరికంటే పైన రాసింది. ఇంకో హారన్ మోగింది. చంటి మళ్ళీ లేచాడు. ఒక గీత. మళ్ళీ హారన్. మళ్ళీ గీత.

టీచర్ వచ్చేసరికి చంటి పేరు పక్కన గీతలు చిన్న కంచెలా నిలబడి ఉన్నాయి.

ఆవిడ ముందు హెడ్డింగు చదివారు. నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. తర్వాత గీతలు చూశారు. అప్పుడింక నవ్వు రాలేదు.

"చంటీ, నిన్న కూడా నీ పేరే ఉంది. అంతకు ముందెప్పుడూ లేదు. ఏముంది ఆ కిటికీలో?"

చంటి బెంచీ వైపు చూస్తున్నాడు.

"నిన్నే అడుగుతున్నాను."

"ఏటీ లేదు టీచర్."

"ఏమీ లేనిదాన్ని చూడ్డానికి అన్నిసార్లు లేవాలా? బ్యాగు తీసుకో. గుమ్మం పక్కన మొదటి బెంచీకి వచ్చెయ్. రోజా, నువ్వు కిటికీ దగ్గర కూర్చో."

"టీచర్, నాను ఇంక లెగను. ఇక్కడే ఉంటాను టీచర్."

"రమ్మన్నానా."

చంటి బ్యాగు తీసుకుని వచ్చేశాడు.

ఆ క్లాసులో ఫ్యాను ఉంది. చప్పుడు చేస్తుంది. గాలి మాత్రం కిటికీ పక్క సీటుకే వస్తుంది. సంవత్సరం మొదటినుంచీ రోజా కన్ను ఆ సీటు మీదే ఉంది. ఇప్పుడు కూర్చోగానే సముద్రపు గాలి చల్లగా మెడకి తగిలింది. న్యాయం జరిగితే ఇంత హాయిగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

మళ్ళీ హారన్ మోగింది. రోజా బయటికి చూసింది. ఆకుపచ్చ బోటు ఒకటి లోపలికి వస్తోంది. అందులో వింతేమీ లేదు. తల తిప్పేసరికి గుమ్మం దగ్గరనుంచి చంటి ఆమెనే చూస్తున్నాడు. కనుబొమలు పైకెత్తి, ఏదో అడుగుతున్నట్టు.

వెక్కిరిస్తున్నాడనుకుంది రోజా. లీడరు కాబట్టి నాలుక బయటపెట్టలేదు. మొహం తిప్పుకుంది.

---

సాయంత్రం రోజా వాళ్ళమ్మ దేవి, చేపల కోసం హార్బరుకి బయల్దేరింది. సంచీ మొయ్యడానికి రోజా.

దేవి ఎప్పుడూ గంగాలమ్మ దగ్గరే కొంటుంది. ఇద్దరికీ చేప కంటే బేరం ఇష్టం.

"ఏటమ్మా ఆ సూపు? సేపకి కళ్ళున్నాయి, నీకు లేవా?" అంటుంది గంగాలమ్మ.

"నీ చేప నిన్నటిది గంగాలమ్మా. నీ మాటలే ఇవాల్టివి," అంటుంది దేవి.

ఆ గొడవ వినడానికి పక్కవాళ్ళు తమ బేరాలు కూడా ఆపేస్తారు. గంగాలమ్మ గొంతు గేటు దాకా వినిపిస్తుంది. చివరికి ఇద్దరూ గెలిచినట్టే మొహాలు పెట్టుకుని విడిపోతారు.

ఇవాళ దేవి మామూలుగానే, సరదాకి, సగం ధరకి అడిగింది.

గంగాలమ్మ చేప తూచి సంచీలో వేసేసింది.

దేవి చెయ్యి అలాగే ఆగిపోయింది. "గంగాలమ్మా, నేను సగానికే అడిగాను."

"ఊ," అంది గంగాలమ్మ.

ఆవిడ చెంబుతో నీళ్ళు తీసి చేపల మీద చల్లుతోంది. చల్లిన చేప మీదే మళ్ళీ చల్లుతోంది. తట్ట నిండి నీళ్ళు కాళ్ళ కిందకి పారుతున్నాయి. ఆవిడ చూడటం లేదు. కళ్ళు దూరంగా ఎక్కడో ఉన్నాయి. రోజా కూడా అటు చూసింది. అక్కడ సముద్రం తప్ప ఏమీ లేదు. సముద్రం కూడా పరిచిన దుప్పటిలా, ముడత లేకుండా ఉంది.

దేవి పూర్తి డబ్బులు తట్ట పక్కన పెట్టింది. అప్పుడు పక్క తట్ట దగ్గర కూర్చున్న చిలకమ్మ కళ్ళతోనే ఇటు రమ్మంది.

"ఏటీ అనుకోకండమ్మా," అంది గొంతు తగ్గించి. "ఆవిడ కొడుకు జగ్గారావు ఎక్కిన బోటు మొన్నే రావాల. దాంతో ఎల్లినవన్నీ వొచ్చేసినాయి. ఫోను కలవట్లేదు. ఓనరుబాబు మనుసుల్ని పంపినాడు, ఎతుకుతన్నారు. ఆవిడ కాడ మాత్రం ఏటీ అడక్కండి. రాలేదు అన్న మాట నోటంట రానివ్వదు. ఇంట్లో ఎవుల్నీ అననివ్వదు. మనవడికీ అదే సెప్పింది."

"మనవడా?" అంది దేవి.

"చంటిగాడు. అదుగో, వలల మీద."

రోజా అటు తిరిగింది. కుప్పగా పోసిన వలల మీద చంటి కూర్చున్నాడు. యూనిఫాం కూడా విప్పలేదు. దూరంగా ఒక హారన్ మోగింది. చంటి లేచి నిలబడ్డాడు. చూశాడు. కూర్చున్నాడు. అచ్చం క్లాసులో లాగే.

రోజా సంచీ వాళ్ళమ్మకి ఇచ్చేసి మెల్లగా వెళ్ళింది.

"ఏటి, ఇక్కడ కూడా పేరు రాసుకుంటావా?" అన్నాడు చంటి, ఆమెని చూడకుండానే.

రోజా వలల అంచు మీద కూర్చుంది.

"మీ నాన్న బోటు కోసమా, లేస్తున్నది?"

చంటి తలూపాడు.

"టీచర్‌కి చెప్పొచ్చు కదా?"

"నాన్నమ్మ సెప్పొద్దంది. నోటితో అంటే అదే నిజమైపోద్దంట."

"నువ్వు నమ్ముతావా?"

"నాను నమ్మను," అన్నాడు. "అయినా అనను."

"మరి బడికెందుకొస్తున్నావు? ఇక్కడే ఉండొచ్చు కదా?"

"బడి మానేత్తే ఏదో అయిందని అందరూ అనుకుంటారంట. రోజూలాగే ఉండాలంది." వలలోంచి ఒక ఎండు చేప పొలుసు తీసి పారేశాడు. "రోజూలాగే ఎలా ఉంటాం? నువ్వే సెప్పు."

రోజా సముద్రం వైపు చూసింది.

"ఏ రంగు బోటు?"

"పసుపుది. పైన కర్రకి ఎర్ర లుంగీ కట్టుంటాది. మా నాన్న పాత లుంగీ. జెండా కొనమంటే ఇదే సాలన్నాడు."

"మన కిటికీలోంచి కనిపిస్తుందా?"

"బాగా కనపడతాది," అన్నాడు చంటి. "ఇప్పుడు నువ్వు కూకున్న కాడినించి."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే రోజాకి కొంచెం నయంగా ఉండేది.

ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. ఆటోలు, లారీలు పోతున్నాయి. రోడ్డు దాటాక దేవి అంది, "గంగాలమ్మ బేరమాడకపోవడం ఇదే చూడ్డం. లోపలంతా అల్లకల్లోలంగా ఉంటే ఏం ఆడుతుందిలే పాపం."

రోజా ఆగిపోయింది. "కానీ ఆవిడ చప్పుడు చెయ్యకుండా కూర్చుంది కదమ్మా?"

"అదే చెప్తున్నాను," అంది దేవి.

ఆ రాత్రి పులుసు బాగా కుదిరింది. ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

---

మర్నాడు బెల్లు కొట్టకముందే రోజా స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది.

"టీచర్, చంటిని మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోపెట్టండి."

అనూరాధ టీచర్ హాజరు పట్టీ మూసి చూశారు. "ఎందుకు?"

"నేను ఆ గీతలు తప్పుగా పెట్టాను టీచర్."

"బెంచీ పడలేదా?"

"పడింది టీచర్."

"నీళ్ళు ఒలకలేదా?"

"ఒలికాయి."

"చంటి లేవలేదా?"

"లేచాడు టీచర్. కానీ అది అల్లరి కాదు."

"మరేమిటి?"

రోజా నోరు తెరిచింది. అప్పుడే వరండాలో చంటి కనిపించాడు. వాళ్ళిద్దరి మాటలూ విన్నట్టున్నాడు. వద్దు అన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

రోజా నోరు మూసుకుంది. చెప్పాల్సింది నోటి దగ్గరే ఉండగా మూసుకోవడం ఆమెకి కొత్త.

"చెప్పకూడదు టీచర్," అంది చివరికి.

"కారణం చెప్పకుండా సీటు మార్చమంటే ఎలా? నిన్న నువ్వే గీతలు పెట్టావు, ఇవాళ నువ్వే తుడిచేయమంటున్నావు. పద, ప్రేయరుకి టైమైంది."

క్లాసులో రోజా కిటికీ పక్కనే కూర్చోవాల్సి వచ్చింది. గాలి నిన్నటిలాగే వస్తోంది. మెడ మీద ఎవరో చెయ్యి వేసి నొక్కినట్టుంది.

మొదటి పీరియడ్‌లో హారన్ మోగింది. గుమ్మం దగ్గర చంటి బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. లేవలేదు. రోజా వైపు చూశాడు. కనుబొమలు పైకి లేచాయి.

నిన్న వెక్కిరింపు అనుకున్నది ఇదే.

రోజా కిటికీ వైపు తిరిగింది. నీలం బోటు. వెనక ఏమీ లేదు. ఆమె చంటి వైపు చూసి చిన్నగా తల అడ్డంగా ఊపింది. చంటి చేతులు బెంచీ వదిలాయి.

మళ్ళీ హారన్. తెల్ల బోటు. కాదు.

మళ్ళీ హారన్. పసుపు రంగు! రోజా ఊచల దగ్గరికి వంగింది. కానీ పైన కర్రకి ఏమీ లేదు. కాదు. ఈసారి తల ఊపడానికి ఆమెకి కొంచెం ఆలస్యమైంది. ఆ కొంచెంలో చంటి మొహం ఏమైపోయిందో ఆమె ఒక్కతే చూసింది.

"లీడరు కిటికీలోకి సూత్తంది, సైగలు సేత్తంది," అన్నాడు వీరేంద్ర, పక్కనున్న కోటికి వినపడేలా. అంటే క్లాసు మొత్తానికి వినపడేలా. "దాని పేరెవరు రాత్తారు?"

రోజా వినిపించుకోలేదు.

తెలుగు పీరియడ్ వచ్చింది. టీచర్ వరసగా వాక్యాలు అడుగుతున్నారు.

"పరీక్షలో చూసి రాసిన సమాధానం తప్పని తెలిసి నా మనసు అల్లకల్లోలమైంది," అన్నాడు వీరేంద్ర.

"వాక్యం బాగుంది. సంగతి తర్వాత మాట్లాడదాం," అన్నారు టీచర్. "రోజారమణీ."

రోజా లేచింది. రాత్రి ఆమె పెద్ద వాక్యాలు చాలా అనుకుంది. తుఫానువి, యుద్ధానివి. ఇప్పుడు అవేవీ నోటికి రాలేదు.

"నిన్న సాయంత్రం సముద్రం కదలకుండా ఉంది," అంది. "ఒడ్డు అల్లకల్లోలంగా ఉంది. చప్పుడు మాత్రం లేదు."

క్లాసు గొల్లుమంది.

"తిరగేసి సెప్పింది టీచర్!" అన్నాడు కోటి. "సముద్రం కదా అల్లకల్లోలం!"

టీచర్ నవ్వలేదు. రోజా వైపు చూశారు. తర్వాత, ఎందుకో, గుమ్మం పక్క బెంచీ వైపు చూశారు. అక్కడ చంటి ఒక్కడే నవ్వడం లేదు. పుస్తకంలోకి తల వంచుకున్నాడు. పుస్తకం మూసే ఉంది.

"రోజా, నిన్న నువ్వెక్కడ..." అని ఏదో అడగబోయారు.

హారన్ మోగింది.

రోజా నిలబడే ఉంది కాబట్టి తల తిప్పితే సరిపోయింది. నీలం బోటు ఒకటి చాలా మెల్లగా వస్తోంది. కాదు, అని తల ఊపబోయింది. అంతలో నీలం బోటు వెనక తాడు కనిపించింది. తాడు నీళ్ళలో మునిగి తేలుతోంది. తాడు చివర ఇంకో బోటు. ముక్కు పసుపు. ఒళ్ళంతా పసుపు. పైన కర్రకి ఎర్రగా ఏదో అతుక్కుని ఉంది. గాలికి ఒక్కసారి విప్పుకుంది.

బడిలో గట్టిగా అరవకూడదని అందరికీ చెప్పే రోజారమణి, టీచర్ క్లాసులో ఉండగా, రెండు చేతులూ పైకెత్తి అరిచింది.

"చంటీ! మీ బోటు! ఎర్ర లుంగీ చంటీ!"

ఆ మాట పూర్తయ్యేసరికి చంటి క్లాసులో లేడు. గుమ్మం పక్క బెంచీకి అదొక్కటే సుఖం.

"చంటీ! ఎక్కడికి? రోజా, ఏమిటా కేక?"

"వాళ్ళ నాన్న బోటు టీచర్," అంది రోజా. "ఎప్పుడో రావాలి. రాలేదు. రాలేదని ఎవరితోనూ అనకూడదు. ఇప్పుడు అనొచ్చు. వచ్చేసింది."

అనూరాధ టీచర్ కిటికీ దగ్గరికి వచ్చారు. ఆవిడ వెనకే వీరేంద్ర, వాడి వెనక కోటి, వాడి వెనక మిగతా క్లాసంతా వచ్చేసింది. బెంచీ పడిపోయింది. చందు బాటిలు మళ్ళీ ఒలికింది. ఈసారి చందు అరవలేదు, బాటిలు వదిలేసి వాడూ ఎక్కాడు.

"ఎవరైనా ఉన్నారా అందులో?"

"ఉన్నారు, ఉన్నారు. నిలబడి సెయ్యి ఊపుతన్నారు!"

"అదుగో చంటి! రోడ్డు మీద!"

కింద చంటి పరిగెడుతున్నాడు. చొక్కా ఒక పక్కకి బయటికొచ్చేసింది. హార్బరు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపబోయి, వాడి మొహం చూసి పక్కకి తప్పుకున్నాడు. హార్బరు లోపలినుంచి ఒక గొంతు వినిపించింది. మాటలు తెలియడం లేదు. గంగాలమ్మ గొంతని రోజా గుర్తుపట్టింది.

టీచర్ ఊచలు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఏమిటీ గోల?"

గుమ్మంలో హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి గారు. పడిపోయిన బెంచీ, నేల మీద నీళ్ళు, కిటికీకి వేలాడుతున్న పిల్లలు, అన్నీ ఆయన ఒక్కొక్కటిగా చూశారు. బోర్డు చూశారు. ఖాళీగా ఉంది.

"ఈ క్లాసుకి లీడరెవరు?"

రోజా గుంపులోంచి బయటికొచ్చింది.

"అల్లరి చేసినవాళ్ళ పేర్లేవి? ఎవరెవరు?"

రోజా వెనక్కి తిరిగి చూసింది. చందు కోటి భుజం ఎక్కాడు. వీరేంద్ర ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి, ఎవరికీ కనపడదని తెలిసినా, ఊపుతూనే ఉన్నాడు.

"ఎవరూ లేరు సార్," అంది.

హెడ్మాస్టరు గారు నమ్మలేక అనూరాధ టీచర్ వైపు చూశారు.

"లేరు సార్," అన్నారు టీచర్, కిటికీ వదలకుండానే.